మానేటి సీమ పట్టింపులు: బహుజాతి సమాజమున నిషేధముల అర్థము

నిషేధము: ఒక పనిని చేయరాదనియు, ఒక పదార్థమును తినరాదనియు, ఒక వస్తువును తాకరాదనియు, ఒక పేరును పలుకరాదనియు, ఒక వేళ ఒక గడపను దాటరాదనియు సంఘము తనకు తాను విధించుకొని, న్యాయస్థానములతోను రక్షకభటులతోను పని లేకయే తరతరములుగా పాటించుచు వచ్చు కట్టడి. తెలంగాణపు పల్లెలలో దీనిని పట్టింపు అందురు. దానిని మీరినందువలన సంభవించునని తలచు చెడును కీడు అందురు. ఈ కీడు తప్పు చేసిన మనిషితో ఆగక ఇంటినంతను, ఒక్కొక్కప్పుడు ఊరినంతను తగులునని నమ్మకము. కావుననే శాసనమును మీరినవాడు పట్టుబడినప్పుడు మాత్రమే దోషి యగుచుండగా, పట్టింపును మీరినవాడు ఎవ్వరును చూడకున్నను తన మనస్సునకు దోషియై, ఇంట బిడ్డకు జ్వరము వచ్చినను, పాడి యెనుము చేపు తప్పినను ఆ దినమునే తలచుకొనును.

ఈ వ్యాసమునకు క్షేత్రముగా గ్రహింపబడిన ముస్తాబాదు, సిరిసిల్ల నుండి సిద్దిపేటకు పోవు త్రోవలో ఎగువ మానేటి పరిసరములందున్న మండల కేంద్రము. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడు వరకు ఇది కరీంనగరు జిల్లాలోనిది. 1905నకు పూర్వము ఆ జిల్లాయే నిజాము రాజ్యమున ఎలగందుల జిల్లాగా నుండెను. ఉత్తరమున జగిత్యాల, కోరుట్ల పట్టణములు, వానికావల గోదావరి, నది దాటిన గోండుల ఆదిలాబాదు అడవులు. పద్మశాలీలు, మున్నూరు కాపులు, రెడ్లు, వెలమలు, గొల్ల కురుమలు, ముదిరాజులు, గౌడులు, పంచ వృత్తులవారు, జంగములు, మాలలు, మాదిగలు, మాదిగల నాశ్రయించి బ్రతుకు డక్కలివారు, ఎరుకలు, తండాలలోని లంబాడీలు, ఉర్దూ మాటలాడు ముసల్మానులు, మరాఠీ మూలములు గల ఆరె కటికలు, క్రైస్తవులు ఈ కొద్దిపాటి నేల మీదనే కలిసి మెలిసి యున్నారు. సంతలో అందరి భాషయు తెలుగే యైనను, ఇంటికి పోయినంతనే లంబాడీలు గోర్ బోలీయు, ముసల్మానులు దక్కనీ ఉర్దూయు మాటలాడుదురు. ఇట్టి చోట ఒక్కని పట్టింపు ఇంకొకని నిత్యకృత్యమగుట ప్రతిదినము జరుగు సంగతి.

నిషేధమును గూర్చిన పాశ్చాత్యుల విచారణ పసిఫిక్ దీవులనుండి ఆరంభమైనది. 1777లో టోంగా దీవులకు పోయిన నావికుడు కుక్ అచటి ఆచారమును యూరపునకు తెలిపెను. 1890లో వెలువడిన ఫ్రేజరు బృహద్గ్రంథము దానిని ఆదిమ మానవుని భ్రాంతిగా నెంచెను. 1913లో ఫ్రాయిడ్ దానిని మనస్సు లోతులలోని కోరికకును భయమునకును గల పెనుగులాటగా వ్యాఖ్యానించెను. 1966లో మేరీ డగ్లస్, ఒక సంఘము లోకమును ఏ విధముగా విభజించుకొన్నదో ఆ విభాగములలో ఇమడని వస్తువే మైలగా తోచునని వాదించెను. ఈ సిద్ధాంతములు చాలవరకు ఒక దీవి, ఒక తెగ, ఒక నమ్మకము అను ఊహ మీద నిలిచినవి. మన పల్లె దీవి కాదు. హైదరాబాదునకు సమీపమున నున్న శామీర్‌పేటను పరిశీలించి 1955లో ఎస్. సి. దూబే ప్రకటించిన గ్రంథము ఈ లోపమును కొంత పూరించినది. ఒకే ఊరిలో అనేక కులములును ముసల్మానులును తమ తమ నియమములతో ఎట్లు కాలము గడుపుదురో అందు చూడవచ్చును. అంతకు పూర్వము 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాము రాజ్యపు కులములను, తెగలను గూర్చి గ్రంథము వ్రాసెను. 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము మన పూర్వుల ఆచార వ్యవహారములకు నేటికిని మొదట తెరువదగిన పుస్తకము.

నిషేధములలో మిక్కిలి గట్టిది వివాహ సంబంధమైనది. పొరుగువారి నడుమ ఇంత విరుద్ధముగా కనబడునదియు మరియొకటి లేదు. తెలుగు హిందువునకు మేనమామ కూతురు వరస. పలు కులములలో అక్క కూతురును వరసయే. కాని పెద్దబాపు బిడ్డయు కాక బిడ్డయు తోబుట్టువులు, వారిని పెండ్లియాడుట ఊహకైనను తగదు. ముసల్మానునకు తండ్రి సోదరుని కూతురు ధర్మసమ్మతమైన సంబంధము, పలు కుటుంబములలో కోరదగిన సంబంధము. అక్క కూతురు మాత్రము ఖండితముగా నిషిద్ధము. లంబాడీకి తన గోత్రమువారందరును అన్నదమ్ములే. ఈ మువ్వురును ఒకే బావి నీరు త్రాగుచు, ఒకరి పెండ్లికొకరు పోయి విందు గుడిచి, ఒకరి వరసను ఒకరు నొప్పింపక ఊరకుందురు. 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము సపిండ సంబంధములను నిషేధించుచునే, ఆచారము అనుమతించినచో చెల్లునని సందు విడిచినది. ఆ సందు లేనిచో మేనరికములు చేసికొన్న తెలుగు కుటుంబములు లెక్కలేనన్ని చట్టవిరుద్ధములై పోవును.

గోత్రముతో చెట్టు చేమలకు గల సంబంధమును తెలుపు నిషేధములు కొన్ని కలవు. 1909లో ప్రకటితమైన థర్‌స్టన్ సంపుటములలో మద్రాసు రాజధాని గొల్లలను గూర్చి, రావి పేరుగల గోత్రమువారు రావి ఆకు విస్తరిలో భుజింపరనియు, జమ్మి గోత్రమువారు జమ్మిని, ముష్టి గోత్రమువారు ముష్టిని వాడరనియు, పాలవెల్లి గోత్రమువారు పూజకు పాలవెల్లి కట్టరనియు వ్రాయబడినది. దసరానాడు ఊరంతయు జమ్మి ఆకును బంగారమని పంచుకొనుచుండ, ఆ చెట్టు పేరు ధరించిన వంశము దానిని వాడుకొనకుండుట వింతగా తోచవచ్చును. కాని రెండింటను ఉన్నది గౌరవమే. గోదావరి కావలి గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వర్గములుగా ఏర్పడి, ఒకే వర్గములో పెండ్లి చేసికొనరు; ఈ వ్యవస్థను హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదు రాజగోండులపై 1948లో వెలువరించిన గ్రంథమున విపులముగా వర్ణించెను. కురుమలలో ఉన్ని కంకణమువారు, పత్తి కంకణమువారు అను రెండు శాఖలున్నవి. పెండ్లినాడు ముంజేతికి కట్టు దారమే వారి నడుమ ఎల్ల.

ఇక తిండి. శైవ భక్తుల ఇండ్లలో సోమవారమును, వేంకటేశ్వరుని కొలుచువారి ఇండ్లలో శనివారమును నీచు వండరు. కార్తికమున పలువురు మాంసము మానుదురు. ముసల్మానునకు పంది మాంసము, చచ్చిన జంతువు, నెత్తురు హరాము. పందులను పెంచు ఎరుకల ఇంట అదియే ఆస్తి, అదియే విందు. కొన్ని కులములకు గొడ్డుమాంసము తరతరముల ఆహారము, మరికొన్నింటికి దాని పేరే పాపము. ఇన్ని వద్దుల నడుమ ఊరివారందరు ఒక పంక్తిలో కూర్చుండి మాంసాహార విందు ఎట్లు చేయుదురు? ఈ ప్రశ్నకు నిజాము రాజ్యపు పల్లె కనుగొన్న సమాధానము ముల్లా. పెండ్లికి గాని, చావు దినములకు గాని మేకపోతును కోయవలసినప్పుడు, ఇంటివారు హిందువులే అయినను, ముల్లా సాబును పిలిపింతురు. అతడు వచ్చి, గొంతు మీద కత్తి పెట్టి, దేవుని పేరు చదివి కోసి, తనకు రావలసిన వాటా తీసికొని పోవును; ఆ మీద చర్మమొలుచుట, ముక్కలు కొట్టుట ఇంటివారి పని. వడ్లవాడు, కమ్మరి, చాకలి, మంగలివలెనే ముల్లాకును ఊరిలో మేర యుండెను. ఇంటి యజమానికి ఆ మంత్రముతో పని లేదు, ఆ మతముతో పని లేదు. పిలిచిన చుట్టములలో, మిత్రులలో ముసల్మానుడు ఒక్కడున్నను అతడు విస్తరి ముందు నుండి లేచిపోరాదనునదియే అతని పట్టింపు. ఒకరి నిషేధము మరియొకరికి మర్యాదయై కూర్చున్న సందర్భములు మన సంఘ చరిత్రలో ఎన్ని యున్నను, ఇంతకంటె చక్కనిది ఈ రచయితకు కనబడలేదు. అయితే పోచమ్మకో, ఊరి దేవతకో బలి యిచ్చిన మేకకు ఈ ఏర్పాటు వర్తింపదు. అది దేవత సొత్తు, దానిని గావు పట్టువాడు వేరు, ఆ కూర వండినప్పుడు ముసల్మానులను పిలువకుండుటయే అచటి మర్యాద. ఏ మేక ఎవరి కొరకు తెగినదో ఊరిలో పసిపిల్లలకు సైతము తెలియును.

ఈ సీమ నిషేధముల పటమును ఒక్క చోట చూడగోరువాడు వేములవాడకు పోవలెను. రాజన్న యని పిలువబడు రాజరాజేశ్వరస్వామి ఆలయమున ధర్మగుండములో మునిగి, తడిబట్టలతో కోడెను పట్టుకొని గుడి చుట్టు తిప్పి కట్టివేయుట ఇచటి ప్రధానమైన మొక్కు. ఆ ఆవరణములో మాంసము, మద్యము పేరెత్తరాదు. అచటినుండి కొలది దూరమున, అదే ఊరి వీథిలో, బద్ది పోచమ్మ గుడి యున్నది. ముందునాడు రాజన్నకు కోడె కట్టి నిష్ఠతో నున్న ఆ కుటుంబమే మరునాడు బోనము నెత్తికెత్తి, డప్పుల మ్రోతతో అమ్మవారి వద్దకు నడచి, కల్లు సాక పోసి, కోడినో మేకనో సమర్పించును. ఒక దేవుని యెదుట దోషమైనది అడుగుల దూరములో ఇంకొక దేవత యెదుట విధి. అది చేయకున్ననే దోషము. రాజన్న ఆలయ ప్రాంగణములోపలనే ఒక దర్గా కలదు. శివుని సేవలో తనువు చాలించిన ముసల్మాను భక్తునిదని స్థలమునందు చెప్పుకొందురు. హిందువులును అచట మ్రొక్కి పోవుదురు. మేడారమునకు సమ్మక్క సారలమ్మల జాతరకు పోవువారు ముందుగా రాజన్నను దర్శించి పోవు వాడుక యుండుటచే, రెండేండ్ల కొకసారి ఈ గుడి విగ్రహము లేని అడవి దేవతల యాత్రకు మొదటి మజిలీ యగుచున్నది. తడిబట్ట, కోడె త్రాడు, బోనపు కుండ, దర్గా ముంగిట ఊదు పొగ, వీనిలో ఏది ఎచట తగును, ఏది ఎచట తగదు అని చెప్పు బోర్డులు లేకున్నను త్రోవ తప్పువారు అరుదు.

హింసను గూర్చిన వివాదము ఈ గడ్డకు క్రొత్త కాదు. వేములవాడను రాజధానిగా చేసికొన్న చాళుక్యులు జైనులను పోషించిరి. కన్నడ ఆదికవి పంపడు వారి ఆస్థానమువాడే. వారి ఆశ్రయముననే సోమదేవసూరి 959లో గంగాధారయందు యశస్తిలక చంపువును పూర్తి చేసెను. ఆ గంగాధార నేటి కరీంనగరు జిల్లాలోని గంగాధర యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అందలి కథలో యశోధరుడను రాజు ప్రాణిని చంపుటకు మనసొప్పక, తల్లి మాట కాదనలేక, పిండితో చేసిన కోడిని బలి యిచ్చును. చంపవలెనను సంకల్పము చేసిన పాపమునకు తల్లియు కొడుకును జంతు జన్మములెత్తి బాధలు పడుదురు. పిండి కోడియైనను కోడియేనని జైన కవి తీర్పు. ఆ తీర్పు ఊరు వినినట్లు లేదు: నేటికిని క్రొత్త ఇంటి ముందు, క్రొత్త బండి ముందు కుంకుమ పూసిన గుమ్మడికాయను పగులగొట్టి, నెత్తురు చిందింపక దిష్టి తీసితిమని తృప్తి పడుచునే యున్నారు. వేయి సంవత్సరముల క్రిందట పండితులు తర్కించిన ప్రశ్న గడప వద్ద తర్కము లేకయే పరిష్కారమైనది.

కాలమునకు సంబంధించిన నిషేధములు పంచాంగమువలన పుట్టినవి. శుక్ర మూఢములో, గురు మూఢములో, పుష్య మాసమున పెండ్లిండ్లు చేయరు. ఆషాఢమున క్రొత్త కోడలు అత్తతో కలిసి ఒకే కడప దాటరాదని పుట్టింటికి పంపుదురు. అమావాస్యనాడు దూర ప్రయాణము పెట్టుకొనరు, పలు వృత్తులవారు పనిముట్లు తాకరు. ముసల్మానులకు మొహర్రము శోక మాసము; పెండ్లి పేరెత్తరు. దాని తరువాతి సఫరు మాసపు మొదటి పదమూడు దినములను దక్కను ముసల్మానులు తేరా తేజీ అని కీడు దినములుగా నెంచి, పదమూడవ నాడు దానము చేసి విముక్తులగుట పూర్వాచారము. మత గ్రంథముల ప్రమాణము దీనికి లేదని ఉలేమాలు ఖండించుచున్నను, ముసలివారి పట్టింపు పూర్తిగా పోలేదు. చాంద్రమానమును మాత్రమే అనుసరించు ఆ మాసములు ఋతువులన్నింటను తిరుగుచుండును; హిందువుల మాసములు అధిక మాసముతో సరిదిద్దబడి నిలుకడగా నుండును. అందుచే షామియానాలు అద్దెకిచ్చువాడును, వంట పాత్రలవాడును, బ్యాండు మేళమువాడును రెండు పంచాంగములను కంఠస్థము చేసియుండును. మొహర్రపు పీరీల పండుగకు మాత్రము ఈ భేదము చెదరిపోవును. ఆ పది దినములు పీరీల కొట్టమునకు దట్టీలు, కుడుకల పేర్లు, మలీద ముద్దలు తెచ్చువారిలో హిందువులు ఎందరో. పీరు నెత్తు మొక్కు గల హిందువు ఆ దినములందు ముసల్మానుకంటె ఎక్కువ నిష్ఠతో నుండును. లంబాడీ తండాలలో తీజ్ దినములందు కన్నెపిల్లలు బుట్టలలో గోధుమ నారు పెంచుచు, ఆ తొమ్మిది దినములు చప్పిడి తిండితో శుచిగా నుందురు.

మాట మీది నిషేధములు తెలుగువారందరి యెరుకలోనివే. రాత్రివేళ పామును పురుగనుట, దీపము కొండెక్కినదనుట, బియ్యము నిండుకొన్నవనుట, పోతాననక పోయివస్తాననుట, ఇల్లాలు మగని పేరు పలుకకుండుట, ఆ పేరును ఆడబిడ్డలు పెండ్లినాడు గడపలో అడ్డము నిలిచి బలవంతముగ పలికించుట, ఇవి వివరింప నక్కరలేనివి.

రోగ సంబంధమైన నిషేధమునకు మసూచికము ముఖ్యోదాహరణము. అమ్మతల్లి పోసిన యింట తాలింపు వేయరు, నీచు వండరు, తలకు నూనె రాయరు, ద్వారమునకు వేపమండలు కట్టుదురు. పరాయివారు గడప లోపలికి రారు. ముట్టు మైల గలవారి నీడ పడనీయరు. రోగి పేరెత్తక తల్లి చల్లబడినదా యని అడుగుదురు. ఈ కట్టుబాటును పాటించుటలో ముసల్మానుల ఇండ్లును వెనుకబడలేదు. తల్లి ఏ మతమువారినైనను చూచునని అందరి నమ్మకము. భారతదేశమున చివరి మసూచికపు కేసు 1975లో కనబడెను. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి లోకమునుండియే తొలగినదని ప్రకటించెను. రోగము పోయినది గాని దాని మర్యాదలు ఇంటినుండి పోలేదు. అంతకంటె చాల తేలికయైన ఆటలమ్మకు అవి యావత్తును సంక్రమించినవి. నేడు పట్టణమున పిల్లవానికి వైద్యుని మందు ఒక చేత నిచ్చు తల్లియు రెండవ చేత వేపమండను పడక క్రింద పెట్టును.

ఊరంతటికిని ఒకటిగా వర్తించు నిషేధము పొలిమేర కట్టు. బొడ్రాయి ప్రతిష్ఠ జరుగు వేళ ఊరికి నాలుగు దిక్కుల త్రోవలు మూసివేయుదురు. ఆడబిడ్డలు అప్పటికే పుట్టింటికి చేరి యుండవలెను. ముహూర్తము గడచు వరకు ఉన్నవాడు బయటికి పోరాదు, పోయినవాడు లోపలికి రారాదు. రాత్రి పొలి చల్లువారు పొలిమేర వెంట పరుగెత్తునప్పుడు ఎవ్వరును ఎదురు రారు. ఊరికి కీడు సోకినదని పెద్దలు తలచినపుడు ప్రొద్దు పొడువకముందే ఇండ్లకు తాళములు వేసి, పశువులతో సహా అడవికో తోటకో పోయి వండుకొని తిని, ప్రొద్దు గూకిన పిమ్మట తిరిగి వచ్చుటయు కలదు. ఈ కట్టులకు కులమునుబట్టి మినహాయింపు లేదు, మతమునుబట్టియు లేదు. ముసల్మాను దుకాణదారుడును ఆనాడు తాళము వేయును. అతడు బొడ్రాయిని దేవతగా నమ్మునా నమ్మడా యని ఎవ్వరును అడుగరు. ఊరి మనిషివా కావా యను ప్రశ్న ఒక్కటే. ఇటీవల సంక్రాంతికి ముందు, ఈ యేడు పండుగ కీడుతో వచ్చినది, ఇందరు కొడుకులున్న తల్లులు ఇన్ని గాజులు వేసికొనవలెను అను వదంతులు కొన్ని యేండ్లు ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు ఒక్క దినములో ప్రాకినవి. పొలిమేర లేని పట్టింపునకు అడ్డుకట్ట వేయు పెద్దలును లేరు.

పుట్టుక, చావు, ముట్టు, ఎంగిలి వీనివలన మైల కలుగునను భావమే పలు నిషేధములకు మూలము. చావు జరిగిన యింట పదునొకండు దినములు మైల, పిట్ట ముట్టు వరకు నెమ్మది లేని మనస్సు, ఏడాది వరకు పండుగ లేమి. ఈ భావమును మన దేశముననే, మన భాషలోనే త్రోసిపుచ్చినవారు కలరు. లింగధారికి జాత, మృత, రజ, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు ఐదును లేవని వీరశైవుల సిద్ధాంతము. పాల్కురికి సోమనాథుని శివకవిత్వము ఆ ధైర్యముతో నిండినది. వేములవాడ చుట్టు జంగముల ఇండ్లు నేటికిని కలవు. వారు శవమును కాల్పక కూర్చుండబెట్టి పూడ్చుదురు. కాని సిద్ధాంతమున లేని సూతకము ఆచారమున మెల్లమెల్లగా కొందరి ఇండ్లలోనికి తిరిగి వచ్చినది. చుట్టుపట్ల అందరును పాటించు దానిని ఒక్కరు విడిచి బ్రతుకుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

నిషేధములన్నింటిని ఒక త్రాసున తూచుట ఇచట సాధ్యము కాదు. తాను పంది మాంసము తినననువాడు, సోమవారము నీచు ముట్టననువాడు, రావి ఆకులో భుజింపననువాడు తన మీద తాను కట్టడి వేసికొనుచున్నాడు. పొరుగువాని కది భారము కాదు. నీవు ఈ బావి తాకరాదు, ఈ గుడి మెట్లెక్కరాదు, ఈ గ్లాసులో త్రాగరాదు అనుట ఇంకొకని మీద వేయు కట్టడి. దానికి పట్టింపు అను పేరు పెట్టుటయే అన్యాయము. విధవ ఎదురు వచ్చిన అపశకునమనుటయు, బాలికను దేవునికిచ్చి జోగినిగా చేసి ఆమెకు మనుజ వివాహమును నిషేధించుటయు ఈ తెగలోనివే. రాజ్యాంగములోని 17వ అధికరణము 1950లో అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానికి శిక్షాచట్టము యేర్పడి 1976లో పౌర హక్కుల రక్షణ చట్టమను పేరు దాల్చెను. జోగినీ, దేవదాసీ ఆచారమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో నిషేధించినది. హైదరాబాదు సంస్థానమున భాగ్యరెడ్డివర్మ వంటివారు ఈ చట్టములకు దశాబ్దుల ముందే పోరాటము మొదలు పెట్టియుండిరి.

ఈ రెండు తెగల నడుమ నిలిచి మనలను చిక్కున పెట్టు నిషేధములును లేకపోలేదు. డక్కలివారు మాదిగల వద్ద మాత్రమే జాంబపురాణము చెప్పి యాచింపవలెను. అన్య కులముల గడప త్రొక్కరాదు. కూనపులివారు పద్మశాలీల ఎదుట మాత్రమే మార్కండేయ పురాణపు పటము విప్పవలెను. ఇది వారికి కట్టు, దానితో పాటు హక్కు. ఆ వాడలో వారి స్థానమును మరియొకడు ఆక్రమింపలేడు. ఆ పటములను వ్రాయు చేర్యాల నకాషీలు పాతబడిన పటమును పారవేయక, శాస్త్రోక్తముగా నీటిలో నిమజ్జనము చేయు వాడుక యుండెను. అందుచే మిగుల ప్రాచీనములైన పటములు మనకు దొరకుట అరుదైనది. నిషేధము కళను కాపాడినది, కళాఖండములను మ్రింగినది.

ప్రతి పట్టింపునకును ఒక వైజ్ఞానిక కారణమును కల్పించి చెప్పుట నేటి వేడుక. ఆషాఢమున దంపతులను వేరు చేయుట వేసవిలో కాన్పు రాకుండుటకనియు, గడపకు పసుపు పూయుట సూక్ష్మజీవులను చంపుటకనియు చెప్పుదురు. అందులో కొన్ని నిజమై యుండవచ్చును. ఎక్కువ భాగము పట్టింపును విడువలేక, నమ్మలేక నడుమ నలుగు చదువరుల సమాధానము. ఆషాఢము వానకాలపు సేద్యమునకు ఆరంభము. క్రొత్త కోడలు ఆ నెల పుట్టింట చేతులెత్తి కూర్చుండుట అత్తవారికి నష్టమే గాని లాభము గాదు. ఈ ఆచారము ప్రయోజనమును చూచి పుట్టినదని చెప్పుటకంటె, కూతునకు ఒక నెల పుట్టింటి సుఖము దక్కించిన కట్టుబాటని చెప్పుట నిజమునకు దగ్గర.

బ్రతుకు తెరువు మారినపుడు పట్టింపు పలుచబడుట సహజము. సిరిసిల్లలో చేమగ్గము స్థానమున మరమగ్గము వచ్చెను. 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల నేతను ప్రభుత్వము ఆ ఊరికి అప్పగించినప్పుడు, గడువు ముంచుకొని వచ్చిన మరమగ్గము అమావాస్యను చూచెడిది కాదు. భివండికి, సూరతునకు, షోలాపురమునకు పోయిన పద్మశాలీలు మార్కండేయుని గుళ్లు కట్టుకొని మూఢములను అచటను పాటించుచున్నారు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కూలీలు రంజాను పగటివేళ నడివీథిలో నీరు త్రాగరాదను నియమమును అచట నేర్చుకొందురు. ఒక్క గదిలో పది మంది వండుకొను చోట, ఒకని సోమవారమును ఇంకొకని శుక్రవారమును గోడ మీద వ్రాయకున్నను అందరికి తెలిసియే యుండును. వేములవాడలో రాజన్నకు కట్టిన కోడెలు గోశాలలో నిండిపోవుచుండగా, దేవస్థానమువారు వానిని సేద్యము చేయు రైతులకు ఇచ్చు పద్ధతి పెట్టిరి. తీసికొను రైతు భూమి కాగితము చూపవలెను, పని కొరకే వాడుకొని కోతకు అమ్మనని మాట ఈయవలెను. ఒకప్పుడు రాజన్న కోడెను ముట్టినవాని వంశము నిలువదను భయము ఆ జంతువును కాచెడిది. ఇప్పుడు ఆ పని పట్టాదారు పాసుపుస్తకము చేయుచున్నది.